సాక్ష్యంలో చెప్పని మత్తయ్య

గడిచిపోయిన మంచి రోజుల్ని ఎవరికీ చెప్పకుండా ఉంచేస్తే, కనీసం వాటిని బతికినవాళ్ళకైనా మిగులుతాయా? మిగిలినా, ముసలితనంలో వాటి మీద ఆనుకుని నిలబడవచ్చా? రెబెక్క సంగతి తెలిసినప్పటి నుంచీ ఈ ప్రశ్న వదలడం లేదు. జవాబు ఈ రోజుకీ దొరకలేదు. దొరికింది రెబెక్క కథ ఒక్కటే.

వికారాబాద్‌లో చర్చి వెనక సందులో రెండు గదుల రేకుల ఇల్లు ఆమెది. ఆసుపత్రిలో ఆయాగా చేసి, మోకాళ్ళు మొరాయించాక ఇంట్లో కూర్చుంది. మనిషి పొట్టి. గొంతు మాత్రం ఇంటికి పట్టనంత పెద్దది. ఆ సందులో ఆమెను వట్టి రెబెక్కమ్మ అనేవాళ్ళు లేరు. పిల్లా పెద్దా అందరికీ ఆమె ‘సాక్ష్యం రెబెక్కమ్మ’.

ఏటా చలి మొదలయ్యే రోజుల్లో, వికారాబాద్ అవతల వాగు పక్కన అడవిలో క్రైస్తవుల జాతర జరుగుతుంది. నవాబుపేట, కోట్‌పల్లి, పరిగి వైపు పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలు వచ్చి డేరాలు వేసుకుంటాయి. పూర్వం ఎడ్లబండ్లలో వచ్చేవారు, ఇప్పుడు ట్రాక్టర్లలో వస్తున్నారు. కట్టెల పొయ్యిలు, జొన్నరొట్టెలు, తెల్లవార్లూ పాటలు. సాయంత్రం కూటంలో సాక్ష్యాలు చెప్పించడం ఆనవాయితీ. దేవుడు తన బతుకులో చేసిన మేలును నలుగురి ముందూ నిలబడి చెప్పుకోవడమే సాక్ష్యం. ఎవరూ రాసిపెట్టకపోయినా దానికో పద్ధతి ఉంది. ముందు చీకటి చెప్పాలి, తర్వాత వెలుగు చెప్పాలి. చీకటి ఎంత చిక్కగా ఉంటే వెలుగు అంత బాగా కనిపిస్తుంది.

రెబెక్క చీకటి చిక్కనిదే. భర్త మత్తయ్య తాండూరు బండల గనిలో కూలి. తాగేవాడు. ఆమె కాళ్ళ వెండి కడియాలు అమ్ముకుని తాగాడు. ఒకనాటి ప్రార్థన కూటంలో ఏడ్చి, సీసా వదిలేశాడు. వదిలేసిన రెండేళ్ళకే, రాతి దుమ్ము రొమ్ములో పేరుకుని, ప్రార్థన చేసుకుంటూ పోయాడు. ఆరేళ్ళ కూతురిని పెట్టుకుని ఆమె బతికి బట్టకట్టింది. ఇదంతా నిజమే.

మొదటి ఏడు వణుకుతూ చెప్పింది. జనం ఏడ్చారు. మరుసటి ఏడు వాళ్ళే అడిగి చెప్పించుకున్నారు. అలా పాతికేళ్ళు దాటాయి. ఏటా ఎక్కడో ఒకచోట ఒక్క మాట కలిసేది. ‘అప్పుడప్పుడు తాగేటోడు’ అన్నది ‘దినాం’ అయింది. కురిసే గుడిసె, కప్పు లేని గుడిసె అయింది. ‘మట్టినేల మీద, బురదల, పసిబిడ్డను పక్కలేసుకొని’ అన్న మాట ఏ సంవత్సరం వచ్చి చేరిందో ఆమెకే తెలియదు. ఆమె అబద్ధం చెప్పాలని చెప్పలేదు. చేనుకు అడ్డంపడి నలుగురు నడిస్తే బాట పడుతుంది. పడ్డాక అది మొదటి నుంచీ బాటే అనుకుంటారు.

ఆసుపత్రి పని మానేశాక ఆ సాక్ష్యమే ఆమెకు మిగిలిన పని. పొద్దున లేవడం, మోకాళ్ళకు నూనె, ఇంత రొట్టె, టీవీ. మైకు ముందు నిలబడే ఆ కాసేపటి కోసమే మిగతా ఏడాదంతా గడిపేది.

ఈ ఏడు జాతరకు కొన్నాళ్ళ ముందు పాస్టరు ఇమ్మానుయేలు ఆమె ఇంటికి వచ్చాడు. వయసులో చిన్నవాడే, మెత్తని మనిషి. కుర్చీలో సర్దుకుని కూర్చుని చాయ్ తాగుతూ చెప్పాడు.

“రెబెక్కమ్మా, ఈసారి మీ సాక్ష్యం వీడియో తీస్తున్నం. పెద్ద కెమెరా తెప్పిస్తున్నం. యూట్యూబ్‌ల పెడ్తం.”

“పెడితే ఎన్ని దినాలుంటదయ్యగారూ?”

“దినాలేందమ్మా! మీరు పోయినా, నేను పోయినా అది ఉంటది. మీ మనుమల మనుమలు చూస్తరు.”

రెబెక్క చేతిలోని పళ్ళెం కింద పెట్టి కొంగు సర్దుకుంది, కెమెరా అప్పుడే ఎదురుగా ఉన్నట్టు. “అయితే కొత్త చీర తేవాలె.”

“తెల్లది కట్టండి. మీ సాక్ష్యానికి తెలుపే మంచిగుంటది.”

ఈ సంగతి ముందుగా జ్యోతికి చెప్పాలి. జ్యోతి ఆమె కూతురు, పరిగి డిపోలో కండక్టరు. కాపురమూ పరిగిలోనే. తల్లి సాక్ష్యం చెప్పే జాతరకు మాత్రం ఎన్నేళ్ళుగానో రావడం లేదు. అడిగితే డ్యూటీ అంటుంది. ఫోన్ చేస్తే రెండు మాటల్లో పెట్టేస్తుంది. అందుకని, ఎలాగూ ఆడవాళ్ళకు బస్సు ఉచితమే కనుక, కూతురితో మాట్లాడాలంటే ఆమె బస్సే ఎక్కడం రెబెక్కకు అలవాటు. మర్నాడు అలాగే ఎక్కి, ముందు సీట్లో కూర్చుంది. టికెట్ మిషన్ మెడలో వేసుకుని జ్యోతి దగ్గరికి వచ్చింది.

“ఆధార్ చూపియ్యమ్మా.”

“కన్నతల్లిని గుర్తువడ్తలేవా?”

“కన్నతల్లికైనా జీరో టికెట్ కొట్టాలంటే ఆధార్ చూడాల్సిందే. చెకింగొస్తే నువ్వు చెప్తవా, దీన్ని నేనే కన్న సార్ అని?”

పక్కసీట్లో ఆకుకూరల గంప ఒళ్ళో పెట్టుకున్న మొగులమ్మ పకపకా నవ్వింది. దినాం అదే బస్సులో పరిగి అంగడికి పోయే మనిషి, తల్లీకూతుళ్ళిద్దరినీ ఎరుగును. “జర చూపెట్టరాదే రెబెక్కా! పొల్ల నౌకరి ఊడగొడ్తవా ఏంది?”

రెబెక్క కార్డు చూపించి, వీడియో సంగతి చెప్పింది. చెబుతున్నంతసేపూ మొహం వెలిగిపోతూనే ఉంది. మిషన్ మీద జ్యోతి వేలు ఆగిపోయింది.

“ఏం చెప్తవ్ దాంట్ల?”

“ఏం చెప్త? ఎప్పుడు చెప్పేదే.”

“నాయిన తాగిండని.”

“తాగలేదా మరి?”

“తాగలేదని నేనెప్పుడన్న అన్ననా?” జ్యోతి వెనక్కి పోయి టికెట్లు కొట్టి, ఒక ఊరి దగ్గర ఇద్దరిని దింపి, ఈల వేసి, మళ్ళీ తల్లి సీటు దగ్గరికే వచ్చింది. గొంతు తగ్గించింది. “అమ్మా, నేను నాయిన ముచ్చట మైకులనే ఇన్న. ఇంట్ల ఎన్నడన్న తీసినవా? ఆయన మొఖం గూడ నాకు సక్కగ యాదికి లేదు. నాకు తెలిసిన నాయిన నీ సాక్ష్యంల నాయినే. తాగుబోతు. కడియాలు అమ్మినోడు. ఇగ ఇప్పుడు ఆ ముచ్చట అందరి ఫోన్లల్ల తిరుగుతది. డిపోల చాయ్ తాగుకుంట చూస్తరు.”

“దేవుని మహిమ కోసం చెప్తున్న బిడ్డా.”

“దేవునికి మస్తు మహిమ ఉన్నది. నాకే నాయిన లేడు.”

మొగులమ్మ గంపలోని కొత్తిమీర కట్టలు సర్దుతున్నట్టు తల వంచుకుంది.

“ఇంకో ముచ్చట,” అంది జ్యోతి. “మట్టినేల మీద పండుకున్నమని చెప్తవ్. మనది మట్టినేల కాదు. బండల నేల. నీలంది, పసుపుది, బూడిద రంగుది, అన్ని తునుకలు తునుకలు. ఎండకాలం బోర్ల పండుకుంటే కడుపుకు సల్లగుండె. గది యాదికుంది నాకు.”

“కూలోళ్ళ గుడిసెల బండలెక్కడియే? ఎవరింట్లనో చూసి మనదనుకున్నవు.”

జ్యోతి మిషన్ మీంచి తలెత్తింది. “నాయిన ముచ్చట నాకు యాదికున్నది గదొక్కటే అమ్మా. గది గూడ తప్పంటవ్.” ఇంకెవరో టికెట్ అడిగితే అటు తిరుగుతూ అంది: “ఆ వీడియో వచ్చిననాటి నుంచి నేను నీ ఇంటికి రాను. నువ్వు నా బస్సెక్కకు. గంతే.”

పరిగిలో దిగిన రెబెక్క ఏమీ కొనకుండానే, ఎదురుగా నిలబడ్డ ఇంకో బస్సెక్కి వెనక్కి వచ్చేసింది.

ఇంటికి వచ్చాక కోపం కాసేపే నిలిచింది. ఆ తర్వాత ఆమె ఎప్పుడూ చెయ్యని పని ఒకటి చేసింది. గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని, మత్తయ్యను తలుచుకోబోయింది. సాక్ష్యం చెప్పడానికి కాదు, ఊరికే.

వచ్చింది మత్తయ్య కాదు. మైకులో తన గొంతే వచ్చింది. ‘ఎర్రటి కండ్లేసుకొని, తూలుకుంట...’ దాన్ని పక్కకు తోసి, పెళ్ళయిన కొత్తలో ఎలా ఉండేవాడో చూద్దామనుకుంది. ‘నా చీకటి దినాలల్ల...’ అంది మైకు. అతను నవ్వితే ఎలా ఉండేదో వెతికింది. అసలు నవ్వేవాడా? గోడ మీది ఫొటోలో చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకున్న జబ్బుమనిషి ఉన్నాడు. అది చివరి ఏడాది తీసింది. బియ్యం ఉన్నాయిలే అన్న ధీమాతో డబ్బాలో చెయ్యి పెడితే అడుగు తగిలినట్టయింది ఆమెకు. ఇన్నాళ్ళూ ఆ రోజుల గురించి చెప్పుకుంటూ బతికింది. తీరా చూస్తే ఆ రోజులే లేవు.

ఎంతసేపు కూర్చుందో, లేచి నిలబడింది. “మట్టినేలనో బండల నేలనో చూసే వస్త,” అంది పైకే, ఇంట్లో ఎవరూ లేకపోయినా.

మర్నాడు పొద్దున తాండూరు పోయే రైలెక్కింది. మత్తయ్యను జబ్బుతో వికారాబాద్ తెచ్చిన తర్వాత ఆమె మళ్ళీ తాండూరు గడప తొక్కలేదు. స్టేషన్ బయట అడుగడుక్కీ కొత్త దుకాణాలు. ఊరు దాటాక మాత్రం అవే బండలు, గోడలకు వరసగా నిలబెట్టి. పాలిష్ మిషన్ల రొద. తెల్లటి బురదనీళ్ళు రోడ్డు పక్క కాలువలో పాలలా పారుతున్నాయి. అడిగినవాళ్ళనల్లా ఈరయ్య గురించి అడిగింది. మత్తయ్యతో జంటగా సమ్మెట వేసిన మనిషి. ఉన్నాడనీ, ఫలానా పాలిషింగ్ యూనిట్ దగ్గర వాచ్‌మన్ అనీ ఒక లారీ డ్రైవరు చెప్పాడు.

గేటు పక్క స్టూలు మీద కూర్చున్న ఈరయ్య ఆమెను గుర్తుపట్టడానికి కొంతసేపు పట్టింది. పట్టాక స్టూలు తన్నుకుని లేచాడు.

“మత్తన్న పెండ్లానివా? రెబెక్క వదినవా? అరెరె, గింత పొట్టిగైనవేంది!”

“నేను మొదటినుంచి గింతే. అప్పుడు నీ కండ్లు పెద్దగుండె.”

“కూడ్రి, కూడ్రి,” అన్నాడు స్టూలు తుడుస్తూ. అతని భార్యది కర్ణాటక సరిహద్దు అవతలి ఊరు. కూర్చోమని చెప్పడం కూడా కన్నడంలోనే వస్తుందిప్పుడు. తాను ఒక బండ మీద కూలబడి దగ్గి, దగ్గు ఆగాక అడిగాడు. “ఏం పని మీద వస్తివి? బిడ్డ మంచిగుందా?”

“మంచిగుంది. ఈరయ్యా, ఒక్క మాట అడుగుత, నిజం చెప్పు. మా గుడిసెల నేల ఏంది? మట్టా, బండనా?”

“గిదేం అడుగుడు వదినా! గింత దూరం గిది అడుగుతందుకొచ్చినవా?”

“చెప్పు ముందు.”

ఈరయ్య నవ్వాడు. నవ్వు దగ్గయింది. “మత్తన్న నేల ముచ్చట గనిల ఎవనికి తెల్వదు? పొర తీస్తుంటే ఇరిగిపోయిన తునుకలు మేస్త్రీ పారేస్తుండె. మీ ఆయన సాయంత్రం దిగిపోయేటప్పుడు ఒక్క తునుక నెత్తిన పెట్టుకొని వస్తుండె. దినాం ఒక్కటి. మేము ఊకుంటమా? ‘ఏం మత్తన్నా, మహల్ కడ్తున్నవా’ అని ఒకటే నవ్వుడు. ‘పగలంత బండ మోస్తది రా నా పెండ్లాం. ఇంటికొచ్చినంక కాళ్ళకు మన్ను అంటొద్దు’ అంటుండె.”

రెబెక్క పట్టుబట్టినట్టు అడిగింది. “గట్ల తాగి అంటుండెనా, తాగక అంటుండెనా?”

“రెండు తీర్ల అంటుండె. తాగిననాడు పెట్టిన బండ జర వంకరగుంటుండె, గంతే.”

“నడువు, చూపియ్,” అంది రెబెక్క, స్టూలు మీంచి లేస్తూ.

పాత గని ఊరికి ఎడంగా ఉంది. పని ఆగిపోయి చాలా ఏళ్ళయిందట. గుంత నిండా పచ్చటి నీళ్ళు. గుడిసెలుండే చోట సర్కారు తుమ్మ కమ్మేసింది. ఈరయ్య కర్రతో ముళ్ళు తొలగిస్తూ ముందు నడిచాడు. ఆగి ఆగి, అక్కడెవరిది, ఇక్కడెవరిది చెప్పుకుంటూ పోయి ఒకచోట నిలబడ్డాడు. గోడలు లేవు, కప్పు లేదు. మన్ను పేరుకున్న ఒక చదును మాత్రం ఉంది. ఒక మూల బండలు ఎవరో ఊడదీసుకుపోయారు. రెబెక్క మోకాళ్ళ నొప్పి మరిచి కిందికి వంగింది. అరచేత్తో మన్ను తోసింది. సీసాలోని నీళ్ళు పోసి కొంగుతో రుద్దింది. తడి తగలగానే రంగు పైకొచ్చింది. నీలం. పక్కనే పసుపు. ఆ పక్కన బూడిద రంగుది, మిగతా వరసకు అడ్డంగా, వంకరగా.

ఆమెకు నవ్వొచ్చింది. “గిది తాగిననాటిది,” అంది.

చెప్పులు విడిచి బండ మీద నిలబడింది. అరికాళ్ళకు చల్లగా తగిలింది. అంతే, ఎన్నిసార్లు కళ్ళు మూసుకున్నా రానిది అరికాళ్ళ నుంచి పైకి వచ్చింది. మేస్త్రీ పొట్ట ముందుకేసి నడిచే నడక మత్తయ్య నడిచి చూపించడం. తను రొట్టె తడుతూ తడుతూ పిండి జారవిడిచి నవ్వడం. పెనం మీది రొట్టె మాడితే, ‘దొరలు తినేది నల్లరొట్టెనే’ అంటూ తినడం. నడక నేర్చుకుంటున్న జ్యోతిని నీలం బండ మీద నిలబెట్టి, తను పసుపు బండ దగ్గర కూర్చుని, నోటితో రైలు కూత వేసి, ‘ఆజావ్, తాండూర్ టేషన్ ఆజావ్’ అని పిలవడం. కడియాల రోజు కూడా వచ్చింది. ఇదే మూల కూర్చుని మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చాడు. తను ఎన్నో రోజులు మాట్లాడలేదు. మాట్లాడనందుకు ఇప్పటికీ ఆమెకు విచారం లేదు. అవి అమ్మదగిన వస్తువులు కావు.

ఏడుపు వస్తుందనుకుంది. కోపం వచ్చింది. ఇంత ఉండి, ఇదంతా మూటకట్టి ‘చీకటి’ అన్న ఒక్క మాటలో పడేసింది. పడేసి పాతికేళ్ళు దాని మీద కూర్చుంది.

ఈరయ్య కొంచెం ఎడంగా కూర్చుని బీడీ ముట్టించాడు. “నేనైతే ఎనకకు చూడ వదినా. చూస్తే ఏముంది? నాతోని పనిచేసినోళ్ళు సగం మంది లేరు. గా గని చూడు. తవ్వుకున్నన్ని దినాలు బండ. ఇప్పుడు నీళ్ళు. తొంగి చూస్తే నీ మొఖమే కనవడ్తది.”

“కనవడనీ. నాకు గింత దనుక ఎవరి మొఖమూ కనవడలే.”

“కనవడితే ఏమైతది? మత్తన్న లేచొస్తడా?”

“రాడు. కానీ పొద్దుగాల లేవబుద్ధైతది.” అని, అతను మళ్ళీ దగ్గడం విని కసిరింది. “గా దగ్గుకు బీడీ ఒకటా?”

“గిది లేకుంటే నాకు లేవబుద్ధి కాదు వదినా,” అన్నాడు ఈరయ్య.

స్టేషన్లో రైలు కోసం కూర్చుని జ్యోతికి ఫోన్ చేసింది.

“డ్యూటీల ఉన్నమ్మా.”

“ఒక్క మాట. బండల నేలనే. చూసొచ్చిన.”

అవతల బస్సు రొద వినిపిస్తూ ఉంది. “నాకు తెలుసు,” అని జ్యోతి పెట్టేసింది.

మరి కొన్ని రోజులకు జాతర వచ్చింది. రెబెక్క తమ సంఘం ఆడవాళ్ళ డేరాలోనే దిగింది. రొట్టెలు కొట్టింది, పాటలు పాడింది, ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. మూడో రోజు సాయంత్రం ఆమె సాక్ష్యం. చిలకపచ్చ చీర కట్టుకుని వేదిక ఎక్కితే, ఇమ్మానుయేలు ఒకసారి చీర వంక చూసి ఊరుకున్నాడు. పెద్ద దీపాలు, మూడు కాళ్ళ మీద కెమెరా. ముందు వరసలో సంఘపెద్ద అంజిలయ్య తువ్వాల తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఏటా మొదటి కన్నీరు ఆయనదే.

రెబెక్క మైకు పట్టుకుంది. “ఇన్నేండ్లు మీకు మాది మట్టినేల అని చెప్పిన. మట్టినేల కాదు. బండల నేల. మొన్న పోయి చూసొచ్చిన.”

జనం ఎదురుచూశారు, ఇది చీకటిలోకి ఎక్కడ దిగుతుందోనని. ఆమె దిగలేదు. తునుకలు మోసుకొచ్చిన సంగతి చెప్పింది. వంకర బండ సంగతి చెప్పింది. వెనక మగవాళ్ళలో ఎవరో ఫక్కున నవ్వారు. మేస్త్రీ నడక గురించి చెబుతూ, ఉత్త మాటలతో చాలక, మైకు ఎడమచేతికి మార్చుకుని, లేని పొట్ట ముందుకు తోసి, వేదిక ఆ కొస నుంచి ఈ కొసకు నడిచి చూపించింది. పిల్లలు కింద పడి నవ్వారు. పెద్దవాళ్ళకూ ఆగలేదు. అంజిలయ్య తువ్వాలను ఏం చెయ్యాలో తెలియక మడతపెట్టి, మళ్ళీ విప్పాడు.

ఇమ్మానుయేలు పక్కకు వచ్చి మెల్లగా అందించాడు. “అమ్మా, మారుమనసు...”

“మారిండు అయ్యగారూ,” అంది రెబెక్క. మైకులోనే వినిపించింది. “అది గీడ అందరికి తెలుసు. నేను చెప్పకున్నా చెప్పెటోళ్ళున్నరు. గిది నేను చెప్పకుంటే ఎవ్వరికి తెల్వదు.” మళ్ళీ జనం వైపు తిరిగింది. “దేవుడు నాకు చేసిన మేలేందంటే మత్తయ్య. తాగక ముందు మత్తయ్య, తాగిన మత్తయ్య, మానిన మత్తయ్య. ముగ్గురు ఒక్క మనిషే. గంతే నా సాక్ష్యం.”

ఆమెన్ పలచగా, అక్కడక్కడా వినిపించింది.

పొయ్యిల దగ్గర ఆడవాళ్ళు ఆమె ఉన్నదని కూడా చూసుకోకుండా మాట్లాడుకున్నారు.

“ఏందో ఈసారి ఏడుపే రాలేదక్కా.”

“నవ్వొచ్చింది గద.”

“నవ్వుతందుకు గింత దూరం ట్రాక్టరెక్కి వస్తమా?”

ఎవరో ముసలామె మాత్రం రొట్టె తిప్పడం మరిచి, “మా ముసలోడు గూడ మస్తు నవ్విస్తుండె. యాది మరిచిన,” అంది ఎవరితోనని కాకుండా.

వంటలు కాకముందే ఇమ్మానుయేలు వచ్చి డేరా ముందు నిలబడ్డాడు. కోపంగా లేడు. “మంచిగ చెప్పిన్రమ్మా, నేను గూడ నవ్విన. కానీ ఇది గిట్లనే పెడితే చూసేటోళ్ళకు అర్థం కాదు. రేపు పొద్దున కూటం కాంగనే ఇంకోసారి తీద్దాం. ఇవాళ్టిది ఉండనీ. దాని ఎనక మీరు ఎప్పుడు చెప్పే తీరు, కడియాలు, ప్రార్థన, అంత కలపండి. లేకుంటే ఈసారి వేరేటోళ్ళది పెట్టాల్సొస్తది.”

“చూద్దాం అయ్యగారూ,” అంది రెబెక్క.

తన సంగతి తనకు తెలుసు. మైకు చేతికొచ్చి, జనం నిశ్శబ్దమై, ముందు వరసలో ఒక్క కన్ను తడిస్తే చాలు, నాలుక పాత బాటనే పడుతుంది. ఆ బాట ఆమెకు ఇష్టం కూడా. ఇన్నేళ్ళు ఆమెను పొద్దున్నే లేపింది అదే. వీడియో వద్దంటే వచ్చే ఏడు ఆ మైకు ఇంకొకరిది. సాక్ష్యం రెబెక్కమ్మ అన్న పేరూ పోతుంది. పోయినా సరే అనుకోవడానికి ఆమెకు ఆ రాత్రంతా పట్టింది. అనుకున్నాక మనసు మార్చుకోలేదు.

ఒక్కటే భయం. రాను అని చెబితే అయ్యగారు తిట్టరు. తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు. ఆ చేతి కింద ఆమె కాదనలేదు.

పొద్దున కూటానికి గంట కొట్టారు. డేరాలోని ఆడవాళ్ళు కొంగులు తల మీద కప్పుకుని ఒక్కొక్కరే వెళ్ళారు. “రా రెబెక్కా,” అని ఒకామె పిలిచింది. రెబెక్క తల ఊపింది. అందరూ వెళ్ళాక దుప్పటి మడిచి, గిన్నె, గ్లాసు, చీరలు మూట కట్టింది. పాట మొదలైంది. ట్రాక్టర్ల మధ్య నుంచి మట్టిబాట పట్టుకుని రోడ్డు మీదికి నడిచింది. మోకాళ్ళు నొప్పి పెట్టాయి. ఆగలేదు.

రోడ్డు మీద ఒక ఆటో మనుషుల కోసం చూస్తూ ఉంది.

“యాడికి పెద్దమ్మా?”

“పరిగి.”

“పరిగి నేను పోను. వికారాబాద్ దనుక అయితే ఎక్కు.”

“సరే, ఆడిదాంక చాలు.”

వికారాబాద్‌లో జ్యోతి బస్సు ఎప్పుడు కదులుతుందో ఆమెకు తెలుసు. బండలు ఇంకెవరో ఊడదీసుకుపోకముందే కూతురిని తాండూరు తీసుకుపోవాలి. వీడియో వస్తే నా బస్సెక్కకు అంది కదా, ఆ వీడియో ఇక రాదు. కూతురు తాండూరు రానంటే ఆ సంగతులు బస్సులోనే చెబుతుంది. రైలు కూత సంగతి ఇవాళ, నల్లరొట్టె సంగతి రేపు. ఆడవాళ్ళకు టికెట్ లేదు. జ్యోతి దించేస్తే మర్నాడు మళ్ళీ ఎక్కుతుంది.

“ఇంకో ఇద్దరు రానీ పెద్దమ్మా, పోదాం,” అన్నాడు ఆటో అతను, చెట్ల వైపు చూస్తూ. “కూటం ఇప్పుడే షురూ అయినట్టుంది. మీవోళ్ళు ఎవరన్న వస్తరా?”

“ఎవ్వరు రారు. ఆ ఇద్దరి పైసలు నేనే ఇస్త, నడువు,” అంది రెబెక్క. మూటను ఒళ్ళోకి లాక్కుని, కడ్డీ పట్టుకుని కూర్చుంది. ఆటో కదిలింది.